కోఠీలో దొరికిన అపూ రైలు

చార్మినార్ ఎక్స్‌ప్రెస్ నాంపల్లిలో దించేసరికి బాగా తెల్లవారింది. నా సంచిలో ఓ జత బట్టలు, ఓ తువ్వాలు, అట్టపెట్టె ఒకటి. బనీను లోపలి జేబులో అయిదువేల రెండొందల రూపాయలు. తెనాలిలో రైలెక్కింది మొదలు ఆ అట్టపెట్టె తలకింద పెట్టుకునే పడుకున్నాను. ఎదుటి బెర్తు పెద్దాయన అందులో నగలున్నాయనుకున్నాడో ఏమో, మెలకువ వచ్చినప్పుడల్లా నావంకే చూస్తున్నాడు.

నగలు కావండీ, అందులో ఉన్నది అపూ! అపూ అంటే అప్పు కాదు (ఆ సంగతీ వస్తుంది, తొందరపడకండి). సత్యజిత్ రాయ్ తీసిన మూడు చిత్రాల కథానాయకుడు. 1955లో ‘పథేర్ పాంచాలి’, 1956లో ‘అపరాజితో’, 1959లో ‘అపూర్ సన్సార్’. ఆ మూడూ బ్లూ-రే డిస్కులుగా అమెరికాలో క్రైటీరియన్ అనే సంస్థ 2015లో విడుదల చేసింది. న్యూజెర్సీలో ఉంటున్న మా అన్నయ్య పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ పెట్టె తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. ఇచ్చి, పండగ చేసుకుని, చక్కా వెళ్ళిపోయాడు. ఆ డిస్కుల్ని ఆడించే యంత్రం మాత్రం తేలేదు. ఆ బాధ్యత తమ్ముడిది!

మొదటి ఆట చూడకపోతే అన్నం సహించని కుర్రకారు మీరు. “ఈ కాలంలో డిస్కులేమిటి గురూ? ఫోన్లో చూపించొచ్చుగా!” అని మీకనిపిస్తుంది. నాకూ అనిపించింది. చూపించాను కూడా. ఇంటర్నెట్లో ఎవరో ఎక్కించిన పాత కాపీ ఒకటి దొరికింది. నాన్న పది నిమిషాలు చూసి, “ఇది బొమ్మా, బురదలో ముంచి తీసిన బట్టా?” అన్నాడు. అన్నది నిజమే. అందులో పొలం ఏదో, ఆకాశం ఏదో తెలియడంలేదు.

నాన్న సంగతి చెప్పాలి. ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడు. ఖరగ్‌పూర్ అంటే బెంగాల్లో ఉన్న సగం తెలుగు ఊరు. మనవాళ్ళు రైల్వే ఉద్యోగాలకి వెళ్ళి, తరాలుగా అక్కడే స్థిరపడిపోయారు. నాన్న 1972లో చేరాడు. రెండేళ్ళు తిరిగేసరికి బెంగాలీ వచ్చేసింది. రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఓ రాత్రి బట్టతెర మీద ‘పథేర్ పాంచాలి’ వేశారట. అపూ, వాడి అక్క దుర్గా రైలు చూడ్డానికి రెల్లుపూల చేలోంచి పరిగెత్తుతారే, ఆ సీను! రోజంతా రైలు పెట్టెల మధ్యే బతికే మనిషి, తెరమీద రైలు చూసి ఏడ్చాడట. ఈ మాట మాకు చిన్నప్పటినుంచీ కనీసం యాభైసార్లు చెప్పి ఉంటాడు.

ఇప్పుడాయన కుడికన్ను పనిచేయడంలేదు. రెటీనా దెబ్బతింది. ఎడమకంటికి శుక్లం తీశారు గానీ, దాన్లోనూ మచ్చ మొదలైందన్నారు డాక్టరుగారు. “ఎంతకాలం?” అంటే, “ఏడాది కావచ్చు, రెండేళ్ళు కావచ్చు, చెప్పలేం” అన్నారు. ఆయన చెప్పలేనన్న ఆ మాటే నన్ను రైలెక్కించింది.

*

హైద్రాబాదు రావడానికి ముందు నేనో తప్పు చేశాను. అది చెప్పకపోతే మీరూ చేస్తారు.

మా పక్క పట్నంలో ఒక పెద్ద ఎలక్ట్రానిక్సు దుకాణంలో పాత స్టాకు బ్లూ-రే ప్లేయరు ఒకటి కనిపించింది. పెట్టెమీద నిగనిగలాడుతూ ‘ఆల్ రీజియన్’ అని స్టిక్కరు! “ప్రపంచంలో ఏ డిస్కయినా ఆడుతుంది సార్” అన్నాడు సేల్స్ కుర్రాడు. 6,800 రూపాయలు లెక్కపెట్టి తెచ్చాను. నాన్న కళ్ళజోడు తుడుచుకుని కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. డిస్కు లోపలికెళ్ళింది. గిర్రున తిరిగింది. తెరమీద ఒక్కటే వాక్యం... ఈ డిస్కు మీ ప్రాంతంలో ఆడదు!

“టిక్కెట్టు కొన్నాక గేటు దగ్గర ఆపేశారన్నమాట” అన్నాడు నాన్న.

ఇంతకీ గూడుపుఠాణి ఏమిటంటే, ఆ ‘ఆల్ రీజియన్’ అనేది డీవీడీలకి మాత్రమేనట! బ్లూ-రేల లెక్క వేరు. డీవీడీలప్పుడు ప్రపంచాన్ని ఆరు ముక్కలు చేశారు. అందులో అమెరికా ఒకటి, మనం అయిదు. బ్లూ-రే వచ్చేసరికి ఆ ముక్కలు మూడయ్యాయి. అమెరికా, జపాన్, కొరియా, ఆగ్నేయాసియా దేశాలు ‘ఎ’. యూరప్, ఆఫ్రికా, గల్ఫ్, ఆస్ట్రేలియా ‘బి’. ఇండియా, చైనా, రష్యా ‘సి’. ఒక ప్రాంతంలో విడుదలైన బొమ్మని మరో ప్రాంతంవాళ్ళు ముందే తెప్పించుకుని చూసేయకుండా కంపెనీలు కట్టుకున్న గోడలివి. అన్ని డిస్కులకీ ఈ తాళం ఉండదు. ఎక్కడైనా ఆడేవీ బోలెడున్నాయి. మా ఖర్మకొద్దీ అన్నయ్య తెచ్చిన పెట్టె వెనక ‘ఎ’ అక్షరం స్పష్టంగా ఉంది. కొనేముందు ఆ అట్ట తిరగేసి చూడాలన్న బుద్ధి ఎవరికి పుట్టింది? ఎవరికీ పుట్టలేదు.

దుకాణంవాడు వెనక్కి తీసుకోనన్నాడు. “పెట్టె విప్పేశారుగా సార్” అన్నాడు. ఆ ప్లేయరుని మా మిత్రుడొకడు జాలిపడి 3,200కి కొన్నాడు. మరో మిత్రుడి దగ్గర రెండువేలు చేబదులు పుచ్చుకున్నాను. (చెప్పానుగా, అప్పు వస్తుందని!) అలా పోగైందే బనీను జేబులోని అయిదువేల రెండొందలు.

*

నాంపల్లి నుంచి అబిడ్స్‌కి నడిచేపాటి దూరమే. ఇరానీ హోటల్లో టీ తాగి, సాసర్లో మిగిలిన ఉస్మానియా బిస్కట్టు పొడి కూడా నాకి, జనరల్ పోస్టాఫీసు దాటాను. ఒకప్పుడు ఈ అబిడ్స్‌లో ప్యాలెస్, జమ్రుద్ లాంటి టాకీసులుండేవి. ఇప్పుడా పేర్లు పెద్దవాళ్ళ నోటే వినాలి.

మొదట జగదీష్ మార్కెట్. లోపలికి అడుగుపెట్టగానే ఇద్దరు కుర్రాళ్ళు రెండు చేతులూ పట్టుకున్నారు. “ఏం కావాలన్నా? స్క్రీన్ గార్డా? బ్యాటరీనా? ఫోను అమ్ముతవా?” బ్లూ-రే ప్లేయరు అన్నాను. ఒకడు రెండోవాడి మొహం చూశాడు. “బ్లూటూతా?” అన్నాడు. మూడు షాపుల్లో ఇదే సంభాషణ! నాలుగో షాపాయన కాస్త వయసు మళ్ళినవాడు. నవ్వి, “గిప్పుడు డిస్కులెవరు చూస్తున్నర్ సాబ్? కోఠీల గుజరాతీ గల్లీకి పోండ్రి. ఉంటే ఆడ్నే ఉంటది” అన్నాడు.

ఆయన్నని లాభంలేదు. తయారుచేసేవాళ్ళే వదిలేస్తున్నారు. ఖరీదైన ప్లేయర్లకి పేరుపడ్డ ఓపో కంపెనీ 2018లో ఆపేసింది. శాంసంగ్ 2019లో అమెరికా మార్కెట్టుకి కొత్త ప్లేయర్లు ఇక లేవంది. ఎల్.జి. 2024 చివర్లో చేతులెత్తేసింది. 2006లో బ్లూ-రే వచ్చినప్పుడు తోషిబావాళ్ళ హెచ్.డి. డీవీడీతో పెద్ద కుస్తీ! రెండేళ్ళు కొట్టుకుని 2008 ఫిబ్రవరిలో తోషిబా బరిలోంచి తప్పుకుంది. గెలిచినవాడు బెల్టు తగిలించుకునేలోపే జనం గోదాలోంచి లేచి ఇంటికెళ్ళి ఫోను తెరిచారు.

బ్యాంక్ స్ట్రీట్ మీదుగా కోఠీ వైపు నడిచాను. గుజరాతీ గల్లీని వెతకనక్కర్లేదు. చెవులే తీసుకెళతాయి. సందంతా ఆంప్లిఫయర్లు, మైకులు, మనిషెత్తు డీజే బాక్సులు, వైరు చుట్టలు, సీసీ కెమెరాలు. ఒక షాపులో చిరంజీవి పాట, ఎదుటి షాపులో కవ్వాలీ, పైనున్న షాపులో “హలో... మైక్ టెస్టింగ్... హలో”. మూడూ కలిసి గుండెకాయలో కొడుతుంటాయి. పెళ్ళి బ్యాండువాళ్ళు, గుడి కమిటీవాళ్ళు, మసీదుకి హారన్లు కొనేవాళ్ళు, అందరూ అక్కడే. బేరాలు సైగలతో నడుస్తాయి. నాలుగు వేళ్ళు చూపిస్తే నాలుగువేలు. తల అడ్డంగా ఊపితే పొమ్మని.

రెండు గంటలు తిరిగాక ఒక మెట్లదారి చూపించారు. సన్నటి చెక్కమెట్లు. పైన ఎనిమిదడుగుల గది. గోడల నిండా విప్పేసిన టీవీలు, టేప్‌రికార్డర్లు, వాటి పేగులు. మధ్యలో నేలమీద కూర్చుని టంకం వేస్తున్న మనిషి. అక్కడందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు.

పెట్టె తీసి చేతికిచ్చాను. ఉస్తాద్ ముందువైపు చూడనే లేదు. నేరుగా వెనక్కి తిప్పి, ‘ఎ’ అక్షరం మీద వేలు పెట్టాడు. నేను 6,800 ఖర్చుపెట్టి నేర్చుకున్న పాఠం ఆయనకి ఒక్క చూపు!

“అమెరికా మాల్. నీ బడ్జెట్ ఎంతన్నా?”

చెప్పాను. అయిదువేలు అన్నాను. రెండొందలు దాచుకున్నాను.

ఆయన చెప్పిన లెక్క ఇది. ఎ, బి, సి మూడూ ఆడేటట్టు లోపల మార్పులు చేసిన ప్లేయర్లున్నాయి. ధర నా బడ్జెట్టుకి చాలా పైన. పోనీ, పాత ప్లేస్టేషన్? అది బ్లూ-రే ఆడుతుంది, కానీ ఇక్కడ అమ్మిన దానికి ఇక్కడి గోడే. 4కె ప్లేయరైతే? 4కె డిస్కులకి ఈ ప్రాంతాల గొడవ లేదు, నిజమే. అదే ప్లేయర్లో మామూలు బ్లూ-రే పెడితే మళ్ళీ గోడ లేస్తుంది. పైగా మా ఇంట్లో ఉన్నది 43 అంగుళాల ఫుల్ హెచ్.డి. టీవీ. దానికి 4కె ప్లేయరు కొనడమంటే ఎడ్లబండికి విమానం చక్రాలు కొన్నట్టే!

“అమెరికా డిస్కుకి అమెరికా ప్లేయరే పెట్టు. సెకండ్‌హ్యాండ్ల సస్తాగ దొరుకుతది. ఇంటికొచ్చే ఎన్నారైలు తెస్తరు, కరెంటు సంగతి తెల్వక కాల్చుకుంటరు, నా దగ్గర పడేస్తరు. నేను బాగుచేస్త.”

కరెంటు సంగతేమిటంటే, అమెరికాలో ఇళ్ళకి 120 వోల్టులు, మనకి 230. కొన్ని యంత్రాల వెనక రేకుమీద ‘110-240’ అని ఉంటుంది. అవి ఎక్కడైనా బతుకుతాయి. ‘120’ అని మాత్రమే ఉన్నదాన్ని మన గోడ ప్లగ్గులో పెడితే, ఉస్తాద్ భాషలో, ‘పటాకె!’ దానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి. మిక్సీకో, ఇస్త్రీపెట్టెకో అయితే బండంత ట్రాన్స్‌ఫార్మరు అవసరమౌతుంది గానీ, డిస్కు ప్లేయరు తాగే కరెంటు చిన్న బల్బుపాటిదే. వంద వాట్లది ధారాళంగా సరిపోతుంది.

ఉస్తాద్ బల్లకింద నుంచి రెండు ప్లేయర్లు లాగాడు. మొదటిది తళతళలాడుతోంది, రిమోటుతో సహా. రెండోదానికి పైన గీతలు, రిమోటు లేదు. నా చెయ్యి సహజంగానే మొదటిదాని మీదకి వెళ్ళింది. ఆయన నవ్వి, “డిస్కు పెట్టి చూడు” అన్నాడు.

మొదటిదాంట్లో బొమ్మ పడింది! నా గుండె లయ తప్పింది. అది చాలనుకుని డబ్బు తీయబోతే ఉస్తాద్ చెయ్యి అడ్డంపెట్టి, బొమ్మని చివరి భాగానికి పరిగెత్తించాడు. అక్కడ బొమ్మ ఆగింది. గడులు గడులుగా విరిగింది. మళ్ళీ కదిలింది. మళ్ళీ ఆగింది.

కారణం వినండి, ఇది మీకు పనికొస్తుంది. బ్లూ-రే డిస్కులో ఒక పొరకి 25 జీబీ పడుతుంది. పెద్ద బొమ్మలకి రెండు పొరలు, 50 జీబీ. ప్లేయరులోని నీలిఊదా లేజరు కిరణం మొదట ఒక పొరని చదివి, తర్వాత రెండో పొరకి మారుతుంది. లేజరు ముసలిదైతే మొదటి పొరని ఎలాగో చదివేస్తుంది, రెండో పొర దగ్గర తడబడుతుంది. అందుకని పాత ప్లేయరు కొనేవాడు తన డిస్కు తనే తీసుకెళ్ళి మొదలు, మధ్య, చివర మూడుచోట్లా ఆడించి చూడాలి. టైటిల్స్ చూసి మురిసిపోయామా, ఇంటర్వెల్ తర్వాత ఏడవాల్సిందే. ట్రైలరు చూసి బొమ్మకెళ్ళే మనకి ఇది కొత్తా?

గీతల ప్లేయరు మొదలు, మధ్య, చివర ఎక్కడా తడబడలేదు. రిమోటు? “మీ టీవీల హెచ్‌డిఎమ్‌ఐ కంట్రోల్ ఉంటే టీవీ రిమోటే నడిపిస్తది” అన్నాడు. ఆ కేబుల్ ద్వారా రిమోటు ఆజ్ఞలు ప్లేయరుదాకా వెళతాయట. టీవీ సెట్టింగుల్లో ఆన్ చేసుకోవాలి, అంతే.

అప్పుడే గదిలో చిన్న తెరమీద రెల్లుపూలు కనిపించాయి. ఉస్తాద్ దగ్గరున్న ఇద్దరు కుర్రాళ్ళు టంకం కడ్డీలు పక్కనపెట్టి చూశారు. తెల్లటి చేను. ఒక్కొక్క పువ్వూ విడివిడిగా ఊగుతోంది. రవిశంకర్ సంగీతాన్ని కింద షాపు డీజే బాక్సులు మింగేశాయి. అయినా ఎవరూ కదల్లేదు.

“పాత బొమ్మ గింత సాఫ్‌గ ఎట్లొచ్చింది?” అన్నాడొక కుర్రాడు.

చెప్పాను. ఈ బొమ్మ నెగటివు 1993లో లండన్ లాబొరేటరీలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలింది. కాలిన రీళ్ళని పారేయకుండా అమెరికా పంపి దాచారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఇటలీలోని బొలోన్యాలో నిపుణులు పెళుసెక్కిన ఆ రీళ్ళని మెత్తబరిచి, పాడైన అంచులు చేత్తో బాగుచేసి, ఒక్కొక్క ఫ్రేమూ స్కాన్ చేశారు. ‘పథేర్ పాంచాలి’ నెగటివులో నూటికి నలభై పాళ్ళు అలా దక్కింది. మిగతాది వేరే మంచి కాపీల నుంచి తీసుకున్నారు.

ఉస్తాద్ ఏమీ అనలేదు. డిస్కు బయటికి తీసి, అంచులు మాత్రమే పట్టుకుని, పెట్టెలో పెట్టి నా చేతికిచ్చాడు. ధర 4,500 అన్నాడు. నేను 3,000 అన్నాను. 3,600 దగ్గర ఆగాం. ట్రాన్స్‌ఫార్మరు 450. జేబులో ఇంకా 1,150 మిగిలింది. ఆ రాత్రి అదే రైలుకి తిరుగు ప్రయాణం. ఈసారి తలకింద పెట్టె, ఒళ్ళో ప్లేయరు.

*

మా ఇంట్లో ఏర్పాట్ల గురించి రెండు ముక్కలు. టీవీకి తెరనిండా బొమ్మ సాగదీసే జబ్బుంటుంది. పాత బొమ్మలు దాదాపు చదరపు ఆకారంలో ఉంటాయి. సాగదీస్తే సన్నటి దుర్గా పక్కింటి పిన్నిగారంత అవుతుంది. అది ఆపేయాలి. రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తే రానివ్వండి. పాత డీవీడీ ప్లేయర్ని కూడా పారేయకండి. మా ఇంట్లో ఓ డబ్బా నిండా వీసీడీలున్నాయి. ఈ అమెరికా యంత్రం వాటిని ముట్టుకోనంది. డీవీడీల్లోనూ మనవాళ్ళు ప్రాంతం తాళం లేకుండా వేసినవి ఆడాయి, యూరప్ పద్ధతివి మొరాయించాయి.

తేడా ఉందా అంటే, ఉంది. డీవీడీ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. బ్లూ-రేలో 1920, 1080. లెక్క కడితే అయిదు రెట్లు. ఒంటికన్నుతో చూసే మనిషికి ఆ అయిదు రెట్లు ఎక్కడికి చేరతాయో నాకు తెలియదు. చేరాయని మాత్రం ఆయన మొహం చెప్పింది.

నాన్న కుర్చీని టీవీకి నాలుగడుగుల దూరంలోకి లాక్కున్నాడు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తీసేయమన్నాడు. “నాకు భాష వచ్చురా!” అన్నాడు కాస్త గర్వంగా. ముసలి ఇందిర్ ఠాక్రూన్ బోసినోటితో నవ్వినప్పుడల్లా ఆయనా నవ్వాడు. రెల్లుచేను వచ్చింది. టెలిగ్రాఫ్ స్తంభానికి చెవి ఆనించి పిల్లలు వింటున్నారు. దూరంగా నల్లటి పొగ.

“ఆపు” అన్నాడు.

ఆపాను. కుర్చీలోంచి లేచి తెర దగ్గరికెళ్ళి, ఎడమకన్ను ఆనించేంత దగ్గరగా నిలబడి చూశాడు. ఆ సీను మొదటిసారి సగం తీసి, వారం తర్వాత వెళ్ళేసరికి పూలన్నీ ఆవులు మేసేశాయనీ, మళ్ళీ పూసేదాకా ఆగాల్సి వచ్చిందనీ రాయ్ గారు చెప్పుకున్న కథ నాన్నకి నేనే చెప్పాను. అది గుర్తొచ్చినట్టుంది.

“ఇది ఆవులు మేయకముందుదా, తర్వాతదా?” అన్నాడు.

“ఏమో నాన్నా.”

“ఊఁ, పోనీ” అన్నాడు. రైలు వెళ్ళిపోయింది. ఆయన వెనక్కొచ్చి కూర్చున్నాడు. దుర్గా పోయే సీను దాకా మాట్లాడలేదు. ఆ తర్వాతా మాట్లాడలేదు. బొమ్మ అయిపోయి తెర నల్లబడ్డాక కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, బల్లకింద గుయ్‌మంటున్న డబ్బావైపు చూపించాడు.

“రేపు పొద్దున్నే రెండోది చూద్దాం, వెలుతురున్నప్పుడు కన్ను బాగుంటుంది. ముందా ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కిందేమో చూడరా.”